బానెట్‌కు హారతి, పీటీఓకు తిలోదకాలు

కొత్త ట్రాక్టర్ కొన్న ఇంట పూజ అంతా ముందు వైపే జరుగుతుంది. బానెట్ మీద పసుపు స్వస్తిక్, రేడియేటర్ జాలీకి బంతిపూల దండ, హెడ్‌లైట్లకు కుంకుమబొట్లు, ముందు చక్రాల కింద నిమ్మకాయలు. షోరూమ్ వాళ్లు అట్టతో చేసిన మూరెడు తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీస్తారు. అందులో రైతు ఉంటాడు, ఆయన భార్య ఉంటుంది, సేల్స్ కుర్రాడు ఉంటాడు, ఫైనాన్స్ కుర్రాడైతే అందరికంటే ఎక్కువ పళ్లు కనిపించేలా ఉంటాడు. బండి వెనక భాగం మాత్రం ఏ ఫొటోలోనూ ఉండదు. అక్కడ, ట్రాలీ తగిలించే కొక్కేనికి కాస్త పైన, ఒక మూత చాటున జానెడు కూడా లేని ఇనుప కడ్డీ దాక్కుని ఉంటుంది. మందం 35 మిల్లీమీటర్లు, చుట్టూ ఆరు గాళ్లు. రాబోయే ఐదేళ్ల కిస్తీలు కట్టాల్సింది ఆ కడ్డీయే. దాన్ని పీటీఓ అంటారు. దానికి ఎవరూ బొట్టు పెట్టరు.

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఏ ఒక్క కంపెనీనీ ఉద్దేశించి రాసింది కాదు. ఒక కంపెనీ పేరు చెప్తే మిగతావి చిన్నబుచ్చుకుంటాయి.

అంకెల గారడీ

పాతిక హెచ్‌పీ లోపు చిన్న ట్రాక్టర్ మనం ఎందుకు కొంటాం? నూజివీడు మామిడి తోటలో వాలిన కొమ్మల కింద దూరాలి. నల్గొండ బత్తాయి చెట్ల నడుమ తిరగాలి. అనంతపురం దానిమ్మలో, గోదావరి జిల్లాల కొబ్బరి, కోకో తోటల్లో, పత్తి సాళ్ల మధ్య పెద్ద బండి పట్టని చోటల్లా ఇది పట్టాలి. పట్టాక చేసే పనేమిటి? రోటావేటరు వేసి నేల గుల్ల చెయ్యాలి, స్లాషరు పెట్టి గడ్డి కొట్టాలి, బ్లోయరు తగిలించి మందు కొట్టాలి. మూడూ పీటీఓ తిప్పితేనే తిరిగేవి. బరువు తక్కువ బండి కాబట్టి పెద్ద నాగళ్లు లాగి సంపాదించి పెట్టేది ఎటూ లేదు. అంటే చిన్న ట్రాక్టర్ బతుకంతా వెనక కడ్డీ మీదే. అది పడకేసిందంటే రైతుకు మిగిలేది ఒక సీటు, ఒక హారను, ఆర్నెల్లకో కిస్తీ.

మరి అమ్మేటప్పుడు ఈ కడ్డీ గురించి ఎవరైనా మాట్లాడతారా? బానెట్ పక్కన అరచేతి వెడల్పు స్టిక్కరు మీద అంకె మెరుస్తుంటుంది. ఆ హెచ్‌పీ ఇంజిన్‌ది. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పినట్టు మొత్తం అంకె చెప్తారు గానీ, కోతలు పోను చేతికొచ్చేదెంతో చెప్పరు. ఇంజిన్ దగ్గర 20 హెచ్‌పీ ఉంటే గేర్లూ బేరింగులూ దాటుకుని పీటీఓ దాకా వచ్చేసరికి సుమారు 17 మిగులుతుంది. రోటావేటరు తినేది ఈ పదిహేడునే. స్టిక్కరు మీది ఇరవై దానికి అక్కర్లేదు, కనపడదు కూడా.

పోనీ 540 సంగతి? పీటీఓ నిమిషానికి 540 సార్లు తిరగాలన్నది దాదాపు వందేళ్ల కిందట అమెరికాలో కుదిరిన ప్రమాణం. ఎవరి ట్రాక్టర్‌కు ఎవరి పనిముట్టు తగిలించినా పని జరగాలని పెద్దలు పెట్టుకున్న ఒప్పందమది. మన బ్రోషర్లలోనూ 540 అనే ఉంటుంది. ఇంజిన్ ఎంత వేగంతో తిరిగితే పీటీఓ 540 అందుకుంటుందన్నది మాత్రం చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది, అసలు ఉంటే. ఒక బండికి ఇంజిన్ 2,400 దగ్గర 540 వస్తుందనుకోండి. డీజిల్ కలిసొస్తుందని మనం 1,600 మీద నడిపితే వెనక తిరిగేది 360. గడ్డలు గడ్డల్లాగే ఉంటాయి, బండి ఏడుస్తుంది, చివరికి మనం రోటావేటరు బ్లేళ్లను తిట్టుకుంటాం. ‘యాక్సిలరేటర్ ఇక్కడిదాకా లాగు బాబాయ్’ అని డ్యాష్‌బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తే పోయేది. అందుకు సేల్స్ కుర్రాడికి టార్గెట్ లేదు. వాడి టార్గెట్ నెలాఖరుకు ఇన్ని బళ్లు, అంతే.

దీనికి ప్రభుత్వం చెయ్యాల్సింది చెయ్యలేదని అనలేం. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర వ్యవసాయ శాఖ వాళ్ల యంత్ర పరీక్షా కేంద్రం ఉంది. దక్షిణాదికి మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే అలాంటి సంస్థ ఉంది. బుద్నీలో ట్రాక్టర్‌ను నిలబెట్టి, పీటీఓకు కొలిచే యంత్రం తగిలించి, 43 డిగ్రీల వేడిలో కూడా గంటల తరబడి పరుగెత్తించి, వెనక కడ్డీ దగ్గర అసలు ఎంత బలం వస్తోందో లెక్కకట్టి రిపోర్టు రాస్తారు. ఏళ్లకేళ్లు ఆ రిపోర్టు ఉంటేనే సబ్సిడీ ఇచ్చేవాళ్లు. ఇంత పవిత్ర గ్రంథం ఏ షోరూమ్‌లోనైనా బల్ల మీద ఉంటుందేమో వెతకండి. క్యాలెండర్ ఉంటుంది, కీచైన్ ఉంటుంది, సినిమా హీరో నిలువెత్తు అట్టబొమ్మ ఉంటుంది. బుద్నీ రిపోర్టు చూపించమంటే సేల్స్ కుర్రాడు బుద్నీ అంటే కొత్త మోడలేమో అనుకుని కేటలాగు తిరగేస్తాడు.

క్లచ్ తొక్కితే ఎవరు ఆగాలి?

చిన్న బళ్లలో అసలు నాటకం క్లచ్ దగ్గర మొదలవుతుంది. సింగిల్ క్లచ్ బండిలో చక్రాలకూ పీటీఓకూ కలిపి ఒకటే క్లచ్. మామిడి తోటలో స్లాషరు వేసుకుని వెళ్తున్నారు. ఎదురుగా కరెంటు మోటారు షెడ్డు. క్లచ్ తొక్కారు. ఇంజిన్ సంబంధం తెగింది. బండి ఆగాలి కదా? ఆగదు. వెనక బరువైన బ్లేళ్లు ఇంకా గిర్రున తిరుగుతున్నాయి, ఆ ఊపంతా షాఫ్టు మీదుగా గేరుబాక్సులోకి వచ్చి చక్రాలను నెడుతుంది. ఇప్పటిదాకా ట్రాక్టర్ స్లాషరును తిప్పింది, ఇప్పుడు స్లాషరు ట్రాక్టర్‌ను నడుపుతోంది. డ్రైవరుగా మీ ఉద్యోగం ఆ నాలుగు సెకన్లూ సస్పెన్షన్‌లో ఉంటుంది. షెడ్డు గోడ మీద పడ్డాక మళ్లీ విధుల్లోకి తీసుకుంటారు.

దీనికి మందు లేక కాదు. పీటీఓ కడ్డీకి ఓవర్‌రన్నింగ్ క్లచ్ అని పిడికెడు భాగం ఒకటి తగిలిస్తే ఊపు వెనక్కి రాదు. అంతకంటే మేలు డబుల్ క్లచ్. పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పూర్తిగా తొక్కితే పీటీఓ ఆగుతుంది. ఇంకా మేలు పీటీఓకు విడిగా లివరూ, విడిగా క్లచ్ ఉన్న బండి. రోటావేటరులో గడ్డి చిక్కుకుంటే బండిని నిలబెట్టి, పీటీఓను తిప్పుతూనే విదిలించుకోవచ్చు. సింగిల్ క్లచ్ బండిలో నిలబడితే రోటావేటరూ నిలబడుతుంది. అప్పుడు దిగి, కొడవలితో గడ్డి కోసి, నడుము పట్టుకుని మళ్లీ ఎక్కాలి. గంటకు ఇంత అని కిరాయికి వెళ్లినవాడికి ఈ దిగడం ఎక్కడంలోనే లాభం కారిపోతుంది.

ఇవన్నీ కొనేటప్పుడు ఎవరు చెప్పాలి? అడిగితే డీలరు చెప్పాలి. మనం అడుగుతామా? షోరూమ్ మెట్లెక్కిన ప్రతి ఒక్కరి నోటా ఒకే మంత్రం: ‘సబ్సిడీ ఎంత వస్తుంది?’ ఏ పథకం కింద, ఏ కోటాలో, ఎమ్మెల్యే లెటరు కావాలా అక్కర్లేదా, ఆధార్‌కు బ్యాంకు ఖాతా కలిసిందా లేదా, ఇన్ని అడుగుతాం. క్లచ్ ఏదని అడగం. 2025 సెప్టెంబర్ 22న ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగిందని ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. సంతోషం. పన్ను దిగడానికి అంతమంది మంత్రులు కూర్చోవాల్సి వచ్చింది. పీటీఓ గేరు మాత్రం ఏ కౌన్సిలూ కూర్చోకుండానే తనంతట తాను దిగిపోతోంది.

‘బాగానే ఉందిగా బాబాయ్’

గేరు దిగిపోవడమన్నది చిన్న ట్రాక్టర్ యజమానుల ఫిర్యాదుల్లో పట్టపురాణి. రోటావేటరు నేలలో దించి, బ్లేళ్లు మట్టి పట్టగానే, లివరు ఠక్కున వెనక్కి వచ్చేస్తుంది. పీటీఓ ఆగిపోతుంది. లోపల గేరును జరిపే ఫోర్కు అరిగి ఉండొచ్చు, పళ్ల అంచులు గుండ్రబడి ఉండొచ్చు, గేరును దాని చోట పట్టి ఉంచే గుండూ స్ప్రింగూ నీరసపడి ఉండొచ్చు. విప్పి చూస్తే తెలుస్తుంది. విప్పడం దాకా రావాలంటే ముందు ఒక తంతు ఉంటుంది.

టోల్‌ఫ్రీకి ఫోన్ చెయ్యాలి. తెలుగు కోసం ఏదో అంకె నొక్కమంటారు, నొక్కితే హిందీ వస్తుంది. కంప్లయింటు నంబరు వస్తుంది. మూడో రోజుకు బైకు మీద సర్వీసు కుర్రాడు వస్తాడు.

‘ఏంటి బాబాయ్ కంప్లయింటు?’

‘రోటావేటరు దించగానే పీటీఓ గేరు వదిలేస్తోందయ్యా.’

కుర్రాడు బండెక్కి, స్టార్టు చేసి, రోటావేటరు గాల్లోకి లేపి, పీటీఓ వేస్తాడు. గిర్రున తిరుగుతుంది.

‘బాగానే ఉందిగా బాబాయ్.’

‘ఖాళీగా తిరుగుతుందయ్యా. నేలలో దించి చూడు.’

‘నేల గట్టిపడింది బాబాయ్. పదునులో అయితే చూడొచ్చు.’

‘పదును మొన్న ఉంది. నువ్వు ఇవాళ వచ్చావు.’

ఈ మాటకు జవాబు ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. కుర్రాడు ఒక బోల్టు బిగించి, లివరు దగ్గర గ్రీజు పూసి, జాబ్ కార్డు మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టించుకుంటాడు. ఆ రెండు ముక్కలకు అర్థం ‘బండి చెక్ చేశాం, లోపం లేదు, వాడే విధానం కస్టమర్‌కు వివరించాం’ అని. పాతికేళ్లుగా సేద్యం చేస్తున్న మనిషికి ఐటీఐ ముగించి ఆర్నెల్లు కాని కుర్రాడు వాడకం వివరించినట్టు, ఆ మనిషి చేతే సంతకం. రేపు వారంటీ కోసం వెళ్తే ముందుగా బయటికొచ్చే కాగితం ఇదే.

ఇక మిగతా ఫిర్యాదులకు షోరూమ్‌లో సిద్ధంగా ఉండే జవాబులు చూడండి. వీటిని పెద్ద బాలశిక్షలో చేర్చాల్సింది, ఎందుకో మరిచిపోయారు.

పీటీఓ దగ్గర ఆయిల్ కారుతోందండీ. ‘కొత్త సీలు కదా, కుదురుకునేదాకా కాస్త చెమర్చుతుంది.’ ఏడాదైనా కారుతోందండీ. ‘ఏడాదైంది కదా, సీలు అరిగింది. అరిగేవాటికి వారంటీ రాదు.’ కుదురుకోవడానికీ అరగడానికీ మధ్య సీలు ఆరోగ్యంగా ఉండే రోజు ఒకటి ఉండాలి. అది ఆదివారమై ఉంటుంది, సర్వీస్ సెంటర్ సెలవు.

పీటీఓ వేస్తే గరగరమంటోందండీ. ‘ఫుల్ రేజింగులో వేసుంటారు.’ నిదానంగానే వేశానండీ. ‘అయితే మరీ నిదానంగా వేసుంటారు.’

క్లచ్ ప్లేటు కాలిపోయిందండీ. ‘డ్రైవరు పెడల్ మీద కాలు పెట్టి నడిపుంటాడు.’ డ్రైవరును నేనేనండీ. ‘అదే చెప్తున్నాం.’

వారంటీ పుస్తకం చూస్తే ‘ఇన్ని గంటలు లేదా ఇన్నేళ్లు, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. ఉదారంగానే కనిపిస్తుంది. పేజీ తిప్పితే వారంటీ వర్తించనివి వరసగా ఉంటాయి: క్లచ్ ప్లేట్లు, సీళ్లు, రబ్బరు భాగాలు, బల్బులు, కరెంటు సామాను, అరిగేవి, సరిగా వాడక చెడినవి. పీటీఓలో పోయేవన్నీ ఈ పేజీలో ఉన్నాయి. ఎప్పటికీ పోని వాటికి మాత్రం వారంటీ గట్టిగా ఉంది.

తిలాపాపం తలా పిడికెడు

చిన్న ట్రాక్టర్ ఒక కంపెనీది. రోటావేటరు ఇంకో కంపెనీది. రెంటినీ కలిపే షాఫ్టు మూడో చోట నుంచి వస్తుంది, దాని మీద ఏ పేరూ ఉండదు. ఆ షాఫ్టు కీలులో ఉండే క్రాసు విరిగితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ట్రాక్టర్ వాళ్లు రోటావేటరు బరువెక్కువైందంటారు. రోటావేటరు వాళ్లు ట్రాక్టర్ పీటీఓలో ఊగు ఉందంటారు. షాఫ్టు అమ్మినవాడు ఆ రెండూ సరిగా ఉంటే తనది ఎందుకు విరుగుతుందంటాడు. ముగ్గురూ ఒకే వీధిలో దుకాణాలు పెట్టుకుని, సాయంత్రం ఒకే చోట టీ తాగుతారు. ఎవరి పనిముట్టు ఎవరికైనా అతకాలని ఆ పెద్దలు పెట్టిన ప్రమాణాన్ని మనవాళ్లు ఎవరి తప్పు ఎవరికైనా అతకడానికి వాడుకుంటున్నారు.

అసలు జరిగింది చాలాసార్లు చాలా చిన్న విషయం. షాఫ్టు అంటే ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు. రోటావేటరు లేపినప్పుడూ దించినప్పుడూ ట్రాక్టర్‌కూ దానికీ మధ్య దూరం మారుతుంది కాబట్టి గొట్టాలు జారుతూ సర్దుకోవాలి. దుకాణంలో దొరికే షాఫ్టు అన్ని బళ్లకూ సరిపోయేలా పొడుగ్గా వస్తుంది. చిన్న ట్రాక్టర్‌కు, రోటావేటరుకు మధ్య చోటు తక్కువ. కాబట్టి కొలిచి రెండు గొట్టాలూ కొయ్యాలి. ఎక్కువ దగ్గరికొచ్చినప్పుడు చివర్లు గుద్దుకోకూడదు, ఎక్కువ దూరం జరిగినప్పుడు కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. కొయ్యకపోతే రోటావేటరు కదిలిన ప్రతిసారీ గొట్టం చివర నేరుగా పీటీఓ కడ్డీని లోపలికి పొడుస్తుంది. పొడిచీ పొడిచీ బేరింగు పోతుంది, బేరింగు పోయాక సీలు పోతుంది, సీలు పోయాక ఆయిల్ పోతుంది. అప్పుడు ‘కొత్త సీలు కదా’ అన్న పాఠం మళ్లీ మొదటి నుంచి చదువుతారు.

డెలివరీ రోజున ఒక రంపం, ఒక టేపు, అరగంట ఓపిక ఉంటే తీరే పని ఇది. రెండు చివర్లా క్రాసును పట్టి ఉంచే యోకులు ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు. వరస తప్పితే షాఫ్టు కొట్టుకుంటూ తిరుగుతుంది, క్రాసు నాలుగు నాళ్లకు చేతికొస్తుంది. డెలివరీ రోజున డీలరు దగ్గర కొబ్బరికాయ ఉంటుంది, స్వీటు ప్యాకెట్టు ఉంటుంది, వాట్సాప్‌లో పెట్టడానికి ఫోన్ ఉంటుంది. రంపం ఉండదు.

మనమేమన్నా తక్కువ తిన్నామా

ఇంతవరకూ చదివి ‘బాగా వాయించాడు డీలర్లను’ అనుకుంటున్న రైతు సోదరులు కాస్త సర్దుకుని కూర్చోండి, వంతు మనది.

మూడడుగుల రోటావేటరు చాలే బండికి పక్కింటాయన నాలుగడుగులది కొన్నాడని మనం నాలుగున్నర తెస్తాం. రాయి తగిలితే విరిగి గేరుబాక్సును కాపాడాలని కంపెనీవాడు షాఫ్టుకు మెత్తటి షియర్ బోల్టు పెడతాడు. అది రెండుసార్లు విరిగేసరికి మనకు పౌరుషం వస్తుంది. హార్డ్‌వేర్ షాపుకెళ్లి ‘ఇక జన్మలో విరక్కూడదు’ అని గట్టి బోల్టు అడిగి తెచ్చి బిగిస్తాం. ఆ బోల్టు మాట తప్పదు, నిజంగానే విరగదు. దాని బదులు లోపల పళ్లు విరుగుతాయి. పది రూపాయల బోల్టు మీద మనం సాధించిన విజయానికి బిల్లు వేలల్లో వస్తుంది. రోటావేటరు పైకి లేపి గట్టు తిప్పుకునేటప్పుడు పీటీఓ ఆపాలని తెలుసు. ఆపితే మళ్లీ వెయ్యాలి కదా అన్న బద్ధకంతో క్రాసులు టకటకమని మొత్తుకుంటున్నా అలాగే తిప్పుతాం.

గేరు దిగిపోతోందంటే మన ఊళ్లలో కనిపెట్టిన వైద్యం సైకిల్ ట్యూబు. లివరును లాగి, ట్యూబు ముక్కతో సీటు కమ్మీకి కట్టేస్తాం. ఇక గేరు దిగదు. సర్వీస్ సెంటర్ మూడు నెలల్లో చెయ్యలేనిది ట్యూబు మూడు నిమిషాల్లో చేసింది. దాన్ని చూసి సర్వీసు కుర్రాడే ‘ఐడియా బాగుంది బాబాయ్’ అని మెచ్చుకుంటాడు. పీటీఓను ఉన్నపళంగా ఆపాల్సి వచ్చిన క్షణాన ముడి ఎవరు విప్పుతారన్నది ఆ మెప్పులో లేదు.

ఆ క్షణం వస్తుంది. 540 అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. ఉత్త కడ్డీయే సెకనుకు మీటరు గుడ్డను చుట్టుకుంటుంది. క్రాసు దగ్గర యోకు అంతకంటే లావు. పది సెంటీమీటర్ల అడ్డంతో లెక్కేసినా సెకనుకు దాదాపు 2.8 మీటర్లు. లుంగీ పొడవు రెండు మీటర్లు. కండువా అంతకంటే తక్కువ. చీర కొంగు చేతి దూరంలోనే వేలాడుతుంటుంది. మనిషి కేక వేసి, ఆ కేక ఇంజిన్ మోత దాటి డ్రైవరు చెవిన పడి, వాడు వెనక్కి తిరిగి, ట్యూబు ముడి కోసం తడుముకోవడానికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి. ఈ ఒక్క లెక్కలో ఎవరూ వాదన పెట్టుకోరు. మిగిలేది చెయ్యో, కాలో, కొన్నిసార్లు అదీ ఉండదు.

దీనికోసమే షాఫ్టు మీద ప్లాస్టిక్ గార్డు పెడతారు, పీటీఓ కడ్డీ మీద రేకు మూత పెడతారు. ఆ గార్డు ఇప్పుడెక్కడుందో మీకూ తెలుసు. క్రాసుకు గ్రీజు కొట్టాలంటే అడ్డమొస్తోందని మొదటి సర్వీసు రోజునే ఊడదీసి గొడ్ల సావిట్లో పడేశారు. ఊడదీసింది సర్వీసు కుర్రాడే, మళ్లీ పెట్టనిది కూడా వాడే, వద్దనకుండా చూసింది మనం. గార్డు మీద ఒక హెచ్చరిక బొమ్మ ఉండేది, షాఫ్టుకు చుట్టుకుపోతున్న మనిషిది. కింద ఇంగ్లీషులో ఏదో రాసుండేది. మాన్యువల్ మొత్తంలో చదువు రాని మనిషికి కూడా అర్థమయ్యే పేజీ అదొక్కటే. దాన్నే పీకేశాం.

అమెరికాలో పొలం యంత్రాల పీటీఓలకు గార్డు తప్పనిసరి అని 1970ల్లోనే కార్మిక భద్రతా నిబంధన తెచ్చారు. మన పార్లమెంటు కూడా 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్నవాళ్ల గోడు ఢిల్లీ దాకా చేరిందప్పుడు. చట్టం పేరు పెట్టి చెప్పిన యంత్రం నూర్పిడి యంత్రమే; మిగతావాటిని కేంద్రం కావాలనుకుంటే నోటిఫికేషన్‌తో చేర్చుకోవచ్చు. నలభై ఏళ్లు దాటింది. ఊళ్లో నూర్పిడి యంత్రం పోయి కోత మిషన్ వచ్చింది, ఎడ్లు పోయి చిన్న ట్రాక్టర్ వచ్చింది, తోటకో పీటీఓ తిరుగుతోంది. చట్టం మాత్రం ఇంకా కళ్లంలోనే కూర్చుని ఉంది.

కోర్టులో మీరెవరు?

ఓపిక నశించి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నారు. దారి సులువే. 2019 చట్టం ప్రకారం మీ జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కంపెనీ లాయరు లేచి మొదటి మాటే అంటాడు: ‘ఈయన వినియోగదారుడు కాదు. కిరాయికి తిప్పుతున్నాడు. ఇది వాణిజ్యం.’

ఎకరంన్నర తోట ఉండి, ఖాళీ రోజుల్లో పక్క తోటకు రోటావేటరు వేసి డీజిల్ ఖర్చులు రాబట్టుకునే మనిషి కాస్తా ఆ మాటతో టాటా బిర్లాల పక్కన కూర్చుంటాడు. బండి అమ్మేటప్పుడు ‘కిరాయికి తిప్పుకుంటే కిస్తీ దానంతటదే కట్టుకుంటుంది’ అని చెప్పింది ఇదే కంపెనీ. ఆ మాట కోర్టులో ఎవరికీ గుర్తుండదు. బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునేవాడు వినియోగదారుడే అని అదే చట్టం వివరణలో స్పష్టంగా ఉంది. ఆ సంగతి మీ లాయరు చెప్పాలి, చెప్పడానికి వాయిదా రావాలి. లోపం ఉందో లేదో తేల్చాలంటే నిపుణుడి నివేదిక కావాలి. నిపుణుడు చూడాలంటే బండి విప్పకుండా ఉండాలి. బండి విప్పకుండా ఉంటే పదును ఆగదు, చెట్టు ఆగదు, కిస్తీ అసలే ఆగదు. అందుకే మనవాడు బస్టాండు వెనక మెకానిక్ దగ్గరికెళ్లి బండి విప్పించేస్తాడు. ‘బయటి మెకానిక్ చెయ్యి పడింది, వారంటీ చెల్లదు’ అన్న ఉత్తరం ఈసారి మాత్రం మూడు రోజులు ఆగకుండా వచ్చేస్తుంది.

ఆ బస్టాండు మెకానిక్ ఫోర్కు తీసి, అరిగిన చోట చూపించి, కొత్తది వేసి, లివరు చేత్తో ఊపి, రోటావేటరు నేలలో దింపి, సాలు చివరిదాకా నడిపించి మరీ డబ్బులు తీసుకుంటాడు. కంపెనీ యూనిఫారం లేదు, టోల్‌ఫ్రీ లేదు, జాబ్ కార్డు లేదు. నేలలో దింపి చూడాలన్న జ్ఞానం మాత్రం ఉంది.

సంతకం మీ చేతిలో ఉంది

ఈ తతంగంలో రైతుకు బలం ఉండేది ఒకే ఒక్క రోజు. డెలివరీ నోటు మీద సంతకం పెట్టేదాకా ఆయన దేవుడు. ఏసీ గదిలో కూర్చోబెడతారు, కూల్‌డ్రింకు ఇస్తారు, మేనేజరు లేచి నిలబడతాడు. సంతకం పడగానే ఆయన ఆపరేటర్ అయిపోతాడు, ఇక జరిగే ప్రతి లోపానికీ ఆపరేటరే కారణం. దేవుణ్ని ఆపరేటర్‌గా మార్చడానికి వాళ్లకు కావాల్సింది ఒక బాల్ పెన్ను.

కాబట్టి పెన్ను జేబులోనే ఉంచండి. బుద్నీ రిపోర్టు తెమ్మనండి, అందులో పీటీఓ దగ్గర ఎంత హెచ్‌పీ ఉందో చదివించుకోండి. క్లచ్ సింగిలా డబులా అని అడగండి. సింగిల్ అయితే ఓవర్‌రన్నింగ్ క్లచ్ ఎవరు పెడతారో కాగితం మీద రాయించండి. 540 ఏ ఇంజిన్ వేగం దగ్గరొస్తుందో డ్యాష్‌బోర్డు మీద గీత గీయించండి. రోటావేటరు ఎన్నడుగులు వెయ్యొచ్చో రాసివ్వమనండి. రాసివ్వనంటే అంత వెయ్యలేమనే అర్థం. షాఫ్టు మీ తోటకే తెప్పించి, మీ బండికి తగిలించి, మీ కళ్లముందే కొలిచి కోయించండి. గార్డు పెట్టే తిప్పమనండి. జాబ్ కార్డు తెలుగులో రాయమనండి, కుదరదంటే మీరు చెప్పిన ఫిర్యాదును మీ మాటల్లోనే రాయించుకుని ఫొటో తీసుకోండి. హారతి పళ్లెం వెనక వైపు కూడా ఒకసారి తిప్పండి, కర్పూరం వెలుగులో సీలు చెమర్చుతోందేమో కనిపిస్తుంది.

ఇన్ని అడిగితే సేల్స్ కుర్రాడు ‘ఇలా ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు బాబాయ్’ అంటాడు. నిజమే చెప్తున్నాడు. ఎవరూ అడగలేదు కాబట్టే కంపెనీలు బానెట్ మీద స్టిక్కరు ఏటా మారుస్తున్నాయి, లోపలి గుండూ స్ప్రింగూ మార్చడం లేదు. పది ఊళ్లలో పదిమంది పెన్ను ఆపితే నెలాఖరు టార్గెట్ ఆగుతుంది. అది ఆగితే డీలరు కంపెనీకి ఫోన్ చేస్తాడు. అలాంటి ఫోన్‌ను కంపెనీలో ఎవరూ హిందీలో మాట్లాడి వెనక్కి పంపించరు.

రోటావేటరు నేలలో దింపి, గంటసేపు తిప్పి, గేరు దిగకుండా, ఆయిల్ కారకుండా, క్లచ్ తొక్కితే బండి ఆగితే, అప్పుడు పెట్టండి సంతకం. అప్పటిదాకా ఫొటోకు నవ్వొద్దు.